చేతులు తడుపుకున్నావా?

అంకుల్ పోయారన్న సంగతి మంగళవారం పొద్దున కాలేజీ బస్సులో ఉండగా, మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో చూశాను. ఎవరో దీపం బొమ్మ పెట్టారు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు బిలబిలమంటూ దిగాయి. ఆ వరస మధ్యలో ఒకతను నేస్ అనే ఊళ్ళో డబుల్ రూమ్ ఖాళీగా ఉందని ప్రకటన పెట్టి, అర నిమిషంలో చెరిపేసి, తనూ చేతులు జోడించాడు. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. తర్వాతి స్టాపూ దాటిపోయింది.

ఈ సంచికకు ఒక పేజీ రాయమని అసోసియేషన్ పెద్దలు ఆజ్ఞాపించారు. "నువ్వైతే కాస్త నవ్విస్తావు. ఏడవాల్సిన వాళ్ళంతా స్టేజీ మీద ఏడ్చేశారు" అన్నారు. పెద్దల మాట జవదాటని వినయశీలుణ్ణి కనుక రాస్తున్నాను. చదివాక దీన్ని అచ్చు వేయాలో వద్దో వారి చిత్తం.

మీలో చాలామందికి ఆయన ఉగాది రోజు హాలు గుమ్మం దగ్గర కుర్చీలు సర్దే అంకుల్. మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే ఉద్యోగం, గోదావరి జిల్లా యాస, ఎండాకాలంలోనూ వదలని ఊలు టోపీ. నేను వరంగల్ నుంచి ఐర్లండ్‌లోని ఈ డండాక్‌కి మాస్టర్స్ చేయడానికి వచ్చి ఆయన ఇంటి పై గదిలో అద్దెకు దిగిన మహానుభావుణ్ణి. దిగిన మూడో రోజే ఎవరూ లేరనుకుని ఫ్రిజ్ తెరిచి ఐస్‌క్రీమ్ డబ్బా మూత తీశాను. లోపల తెల్లటి పురుగులు, కొన్ని వందలు, బియ్యం ఉడికినట్టు కదులుతున్నాయి. నేను పెట్టిన కేక పక్కింటి ఐరిష్ ముసలావిడ ఇప్పటికీ తలుచుకుంటుంది.

సోఫాలోంచి అంకుల్ తల కూడా తిప్పలేదు. "మూత పెట్టరా ఓరుగల్లూ, బయట వేడికి ఈగలైపోతాయవి."

"ఫ్రిజ్‌ల పురుగులేంది అంకుల్!"

"ఎర. చేపలకి."

ఆంటీ వంటగదిలోకి వచ్చి సర్దిచెప్పింది. "పై అరలో పురుగులు, కింది అరలో దోసెల పిండి. మీ అంకులుతో పదేళ్ళుగా ఇదే కాపరం బాబూ. అరలు మాత్రం మార్చకు."

ఆ శనివారం నన్ను ఏటికి తీసుకెళ్ళారు. చిన్న ఏరు. పేరు రాయను. ఒకసారి రాసినందుకు ఏమైందో ముందు ముందు చదువుతారు. సముద్రం దగ్గర కాబట్టి రోజుకు రెండుసార్లు పోటు వచ్చి ఏటిని వెనక్కి నెడుతుంది. చలికాలం ఎగువన నీళ్ళు గడ్డకట్టేంత చల్లబడి, వరద ఉరవడి పెరిగితే, రోచ్ అనే చేపలు గుంపులుగా దిగొచ్చి వంతెన కింది లోతైన మలుపులో ఒకదానికొకటి ఆనుకుని తలదాచుకుంటాయి. జానెడు పొడవు, వెండి రంగు ఒళ్ళు, ఎర్ర రెక్కలు. ఈ దేశంలో దర్జా అంతా సాల్మన్‌ది, ట్రౌట్‌ది. తక్కినవాటికి 'కోర్స్' చేపలని పేరు, అంటే మోటు రకం. "మనలాంటివన్నమాట. చలికి గుంపుగా చేరతాయి, ఎవరూ పట్టించుకోరు" అనేవారు అంకుల్.

రెండు మడత కుర్చీలు, ఒక పెద్ద గొడుగు, ఫ్లాస్కులో టీ. బ్రెడ్డు పొడిలో గుప్పెడు ధనియాల పొడి కలిపి, ఉండలు చేసి, మలుపులోకి విసిరేవారు. ధనియాల వాసనకి రోచ్ ఆగలేదట. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒక ఐరిష్ మెకానిక్ ఆయనకు నేర్పాడు. నేర్పినాయన దుకాణంలో పొట్లం కొనేవాడు, ఈయన ఆంటీ డబ్బా ఖాళీ చేసేవారు, అంతే తేడా. అవతలి ఒడ్డున ఒరిగిన చెట్టు కొమ్మ మీద నల్లగా ఒక నీటికాకి కూర్చుని ఉండేది. "అది పైనుందంటే కింద మనోళ్ళున్నట్టే. అదే మన నోటీసు బోర్డు" అని చూపించారు.

గాలం దారానికి కట్టిన నా బెండు మునిగింది. లాగాను. చేప గాల్లో తళుక్కుమంది. అందుకోబోయాను.

"ఆగు! చేతులు తడుపుకో."

"నీళ్ళు ఐసు లెక్కున్నయ్ అంకుల్!"

"దాని ఒంటిమీద జిగురుంటదిరా. పొడి చేత్తో పట్టుకుంటే ఊడొచ్చేస్తది. జిగురు పోయిన చేపకి బూజు పట్టి నాలుగు రోజుల్లో చచ్చిపోద్ది."

"పులుసు పెట్టుకుంటే నాలుగు రోజులు ఆగే పనేలేదు గద."

ఆయన నా వైపు చూసిన చూపు, నా మార్కుల మెమో చూసిన మా నాన్న కూడా చూడలేదు. "తినడానికి టౌన్లో షాపుందిరా. ఇక్కడికొచ్చేది చూడ్డానికి." చేతులు ముంచుకుని, చేపను అరచేతిలో పడుకోబెట్టుకుని, మందుబిళ్ళ తనిఖీ చేసినట్టు అటూ ఇటూ చూసి, గాలం ముల్లు తీసి, నీళ్ళలో వదిలారు. "పాస్" అన్నారు. ఆ రోజు పద్నాలుగు చేపలూ పాసయ్యాయి. మా యూనివర్సిటీలో కూడా అంత ఉత్తీర్ణత లేదు.

ఇంకొకటి నేర్పారు. ఆటు అయిపోయి పోటు మొదలయ్యే ముందు నీళ్ళు కాసేపు నిలిచిపోతాయి. అంతవరకు సముద్రం వైపు కొట్టుకుపోతున్న బెండు ఆగుతుంది, ఊగదు, కదలదు. తర్వాత నెమ్మదిగా వెనక్కి, మన వైపుకి, తనంతట తనే నడిచి వస్తుంది. నేను వాగుతుంటే మోచేత్తో పొడిచేవారు. "ఏరు ఆలోచించుకుంటంది. కాసేపు నోర్ముయ్."

నోరు మూసుకోవడం నాకు చేతకాని విద్య. జనవరిలో ఒక పెద్ద రోచ్ పడింది. దాన్ని పట్టుకుని పళ్ళికిలించి ఫోటో దిగి గ్రూపులో పెట్టాను. "ఎక్కడ మామా?" అని ఒకరు అడిగారు. నన్ను మామా అన్నారు కదా, పరవశించి లొకేషన్ కూడా పెట్టాను. అది దాచుకోమని అంకుల్ నాకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉంటుందని అనుకుని ఉండరు.

తర్వాతి రెండు శనివారాలూ అంకుల్‌కి డ్యూటీ. ఐదుగురు వచ్చారు. ఒకాయన ఊరి నుంచి సూట్‌కేసులో ఆవకాయ సీసాల మధ్య విసురువల తెచ్చుకున్నాడు. ఇన్నాళ్ళూ అది గోడకి అలంకారంగా ఉందట. "లోతు ఎక్కడ మామా?" అన్నాడు. వేలు పెట్టి చూపించాను. చలికి మొద్దుబారి ఒకేచోట కిక్కిరిసిన చేపలకు పారిపోయే ఓపిక ఉండదు. మొదటి విసురుకే వల బరువెక్కి ఇద్దరు లాగాల్సి వచ్చింది. ఆ శనివారం, ఆ పైవారం కూడా. బకెట్లు నేనే అందించాను. ఇక్కడి చట్టం ఇన్ని పట్టనివ్వదని తెలిసీ నవ్వాను, జోకులు వేశాను. రెండో వారానికి చేతులు తడుపుకునే పని కూడా లేకపోయింది. అప్పటికే అన్నీ బకెట్లలో చచ్చి ఉన్నాయి.

మహాశయులారా, నెలాఖరున హాల్లో మన కలయిక గుర్తుందా? ఆ చేపల పులుసు గుర్తుందా? రెండోసారి వడ్డించుకున్నారు. ఎలా చేశారని అడిగారు. చింతపండు కుదిరిందన్నారు, ధనియాల పొడి ఘుమఘుమలాడిందన్నారు. నిజమే. పాపం, ఆ వాసన వాటికి ముందునుంచీ అలవాటే.

అంకుల్ కుర్చీలు సర్దడం అయ్యాక ఆలస్యంగా పళ్ళెం పట్టుకున్నారు. నేను పెరుగన్నం దగ్గర దాక్కున్నాను. ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారు. ఆగారు. నాలుకతో వెతికి సన్నటి ముల్లు ఒకటి తీసి, వెలుతురుకి పట్టి చూశారు. రోచ్ ముల్లు చివర పంగలా చీలి ఉంటుంది. ఈ చేపని ఈ దేశంలో ఏ షాపులోనూ అమ్మరు.

"ఎక్కడ కొన్నారమ్మా?" అని వడ్డిస్తున్నావిడని అడిగారు.

"కొనడమేంటి అంకుల్! ఫ్రెష్. మన ఏట్లోవే. మనవాళ్ళు పట్టుకొచ్చారు."

"ఆయ్" అన్నారు.

తల ఎత్తి హాలంతా వెతికి నన్ను పట్టుకున్నారు. ఒక్క క్షణం. తర్వాత కిందికి చూసుకుని తినడం మొదలుపెట్టారు. పళ్ళెంలో పడింది పారేసే అలవాటు ఆయనకి లేదు. ఒక్కొక్క ముల్లూ తీసి పళ్ళెం అంచున వరసగా పేర్చుకుంటూ, పూర్తిగా తిన్నారు. అంత నెమ్మదిగా ఎవరైనా తినడం నేను చూడలేదు. ఇంకోసారి చూడాలనీ లేదు.

తిరుగు ప్రయాణంలో కారు ఇంటి ముందు ఆపాక అడిగారు. "ఎవరికి చెప్పావురా?"

"గ్రూపుల ఫోటో పెట్టిన అంకుల్. లొకేషన్ కూడా."

"నువ్వూ వెళ్ళావా?"

"పోయిన."

ఆయన తిడతారని కాచుకుని కూర్చున్నాను. తిడితే నాలుగు జోకులు సిద్ధంగా ఉన్నాయి. "సరే" అన్నారు. సీటు బెల్టు విప్పుకుని దిగి వెళ్ళిపోయారు. ఆ వారం ఒక్కరే ఏటికి వెళ్ళి గంటలో తిరిగొచ్చారు. "చలిగా ఉంది" అని ఆంటీకి చెప్పారు. వడగళ్ళ వానలో గొడుగు కింద నాలుగు గంటలు కూర్చున్న మనిషి. గాలం కర్రలు తుడిచి అటక మీద పెట్టేశారు.

మళ్ళీ చలికాలం వచ్చేసరికి ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. ఊపిరితిత్తులు. వారం వారం వెళ్ళేవాణ్ణి. మొదటిసారి వెళ్ళినప్పుడు ముక్కుకి గొట్టంతోనే నవ్వారు.

"ఏరా ఓరుగల్లూ, వచ్చాయా మనోళ్ళు?"

అప్పటికే మలుపు దగ్గర మూడుసార్లు కూర్చుని వచ్చాను. బెండు ఒక్కసారీ మునగలేదు. ఉన్న గుంపునంతా ఎత్తుకుపోతే, ఆ మలుపుకి దారి తెలిసిన చేప మిగలలేదో ఏమో.

"వచ్చినయ్ అంకుల్. గ్రాండ్‌గ ఉన్నయ్."

"నీటికాకి ఉందా?"

"ఒకటి కాదు, రెండున్నయ్."

"ఎన్ని పడ్డాయి?"

"ఏడు."

"చేతులు తడుపుకున్నావా?"

"తడుపుకున్న అంకుల్."

కళ్ళు మూసుకుని "పాస్" అన్నారు. నేను బయటికొచ్చి కార్ పార్కులో నిలబడి, నా వాక్చాతుర్యాన్ని నేనే అభినందించుకున్నాను. తర్వాతి వారం తొమ్మిది పట్టాను. ఆ పై వారం పదకొండు, అందులో ఒకటి నా ముంజేయంత. ఒక పెద్ద చేప దారం తెంపుకుపోయిన కథ అయితే ఇరవై నిమిషాలు చెప్పాను, నర్సు కూడా ఆగి వింది. చిత్రమేమిటంటే, ఆయన ఒక్కసారీ ఫోటో చూపించమనలేదు. నా మాట మీద అంత నమ్మకమా అని పొంగిపోయాను.

అంత్యక్రియల దగ్గర వక్తలు బాగా మాట్లాడారు. విసురువల ఆయన అంకుల్‌ని "ప్రకృతి ప్రేమికులు" అన్నాడు. నేను చప్పట్లు కొట్టలేదు. అలాంటిచోట కొట్టకూడదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఇంటికొచ్చాక ఆంటీ ఫ్రిజ్ సర్దుతూ, ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"డిసెంబర్లో రెండు రోజులు ఇంటికి పంపారు కదా బాబూ. నువ్వు కాలేజీలో ఉన్నావు. ఏటి దగ్గర కారాపమన్నారు. గంటసేపు అద్దంలోంచి చూస్తూ కూర్చున్నారు."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నీటికాకి లేదే అన్నారు. కారు తిప్పమన్నారు."

"నాకెందుకు చెప్పలేదాంటీ? నేను ఆ తర్వాత కూడా... ఎన్ని చెప్పిన్నో..."

"నేనూ అన్నాను, ఆ కుర్రాడికి చెప్పెయ్యండీ, ఊరికే కష్టపడి కల్పిస్తున్నాడని." డబ్బా మూత తుడిచింది. "'వద్దులే. వాడు వారం వారం వచ్చి వాటన్నిటినీ మళ్ళీ ఏట్లో వదులుతున్నాడు. వదలనీ' అన్నారు."

కాబట్టి పాఠకులారా, సిద్ధంగా ఉంచుకున్న జోకులు నాలుగూ నా దగ్గరే మిగిలాయి. ఎవరికైనా కావాలంటే ఇస్తాను. సారీ అన్న మాట కూడా మిగిలింది. అది ఇవ్వాల్సిన చోటు పోయింది. అబద్ధాలకు అంత సమయం దొరికిన మనిషికి ఆ ఒక్క మాటకు తీరిక దొరకలేదు.

మొన్న ఆదివారం అటక మీది కర్ర దింపుకుని మలుపు దగ్గరికెళ్ళాను. బ్రెడ్డు పొడిలో ధనియాల పొడి కలిపి విసిరాను. రెండు కుర్చీలూ తీసుకెళ్ళాను, ఎందుకని అడగకండి. కొమ్మ ఖాళీగా ఉంది. ఏటిలోకి వంగి, చేతులు మణికట్ల దాకా ముంచి, తడి చేతులతోనే కూర్చున్నాను. బెండు సముద్రం వైపు పోతూ పోతూ ఆగింది. నేను నోరు మూసుకున్నాను. కాసేపటికి అది వెనక్కి తిరిగి, ఎవరూ లాగకుండానే, నా వైపు నడుచుకుంటూ వచ్చింది. కింద ఏమీ లేదు. చేతులు ఆరిపోయాయి. మళ్ళీ ముంచాను.