గడువు దాటినా కాలని కాగితం

మా బావ పోయిన శుక్రవారం పొద్దున పినపాకలో చనిపోయాడు. ఆయన మీద ఆఫీసు వేసిన నింద మాత్రం ఇంకా ఫైల్లో భద్రంగా ఉంది. నాకు పెద్ద చదువు లేదు, తిప్పి రాయడం రాదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

బావ అంటే మా అక్క మొగుడు. నేను అడవి వాచర్‌ని. ఆయన మా అటవీశాఖ ఆఫీసులో రికార్డు రూము చూసేవాడు. మా సర్వీసు పుస్తకాలు, సెలవు కాగితాలు, మెమోలు అన్నీ ఆయన దగ్గరే. ఏది ఎన్నాళ్లు ఉంచాలో, ఏది ఎప్పుడు తీసేయాలో రూలు ఉంటుంది. "ఫైలుకు గూడ ఆయుష్షు ఉంటది బామ్మర్దీ. తీరకముందు ముట్టొద్దు, తీరినంక దాచొద్దు" అనేవాడు.

ఆయుష్షు తీరినవాటిని పై అధికారి సంతకం తీసుకుని, ఆఫీసు వెనక సగం కోసిన తారు డ్రమ్ములో కాల్చేవాడు. కాల్చేముందు ఒక్కో ఫైలు విప్పి, అందులోని ఫొటోను తడిపి ఊడదీసేవాడు. మనిషి ముఖాన్ని మంటలో వేయనని ఆయన పట్టు. ఇంటివాళ్లకు కబురు పెట్టి ఆ ఫొటోలు ఇచ్చేవాడు. చర్ల అవతలి గూడేల్లో చాలా ఇళ్లకు పోయిన మనిషి ఫొటో అదొక్కటే. ఒకసారి ఒక ముసలమ్మ మొగుడి ఫొటో చూసి, "గీ మీసాలు ఎప్పుడు పెంచిండయ్యా? నాకైతే ఎన్నడు కనవడలే!" అంది.

"ఫొటో కోసం పెంచిండు తల్లీ, నీకు భయపడి గీకిండు" అన్నాడు బావ. ఆమె నవ్వి, ఫొటోను కొంగున కట్టుకుని పోయింది.

అలాంటి మనిషి మీద వేశారు నింద.

కంప్యూటర్లకు గది కావాలని అప్పటి అధికారి రూమంతా ఖాళీ చేసి కాల్చేయమన్నాడు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

"సార్, వీళ్లంత ఇంక నౌకరీల ఉన్నరు. ఇవి కాలవెడితే తప్పయితది" అన్నాడు బావ.

"ఏంది, లంకెబిందెల మీద పాము లెక్క కూసున్నవ్? నాకే రూల్స్ చెప్తవా?"

బావ జ్వరంతో దవాఖానాలో ఉన్న రోజు చూసి అన్నీ కాల్చేశారు. ఫొటోలతో సహా. నా సర్వీసు పుస్తకం కూడా పోయింది. నేను అడవిలో ఎన్నేళ్లు తిరిగానో చెప్పడానికి నా మోకాళ్లు తప్ప సాక్ష్యం లేదు. బావ ఫైలు అధికారి బీరువాలో ఉండేది కాబట్టి అదొక్కటే మిగిలింది. పుస్తకాలు పోయిన వాచర్లమంతా పోయి గట్టిగా అడిగితే, రికార్డులు బావ అజాగ్రత్త వల్ల కాలిపోయాయని ఆయనకే మెమో ఇచ్చి, ఆ ఫైల్లో పెట్టారు. మావాళ్లు కొందరు అది నమ్మి, బజారులో ఆయన కనబడితే మొహం తిప్పుకున్నారు.

మెమోకూ గడువు ఉంటుంది. దాటాక తీసేయాలి. రిటైరయ్యాక కూడా బావ తిరిగి తిరిగి అడిగాడు. "చూద్దాం పెద్దాయనా" అనడమే తప్ప ఎవరూ తీయలేదు. ఉంచాల్సినవి కాల్చారు, కాల్చాల్సినదాన్ని దాచుకున్నారు. ఇదెక్కడి న్యాయం? మంచం పట్టినప్పుడు కూడా, "అది తీసిన్రా బామ్మర్దీ?" అనే అడిగాడు. లేదనే చెప్పాను. ఆయనకు అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వచ్చే సోమవారం పెద్దకర్మ. ఆ లోపు ఆ మెమో రద్దు చేసి, ఫైళ్లు కాల్చమన్నది ఎవరో కాగితం మీద రాసి మా అక్క చేతికి ఇవ్వాలి. లేదంటే కర్మ కాగానే అందరం ఆఫీసుకే వస్తాం. దండ వేయడానికి ఆయన వయసులో ఉన్నప్పటి ఫొటో ఇంట్లో లేదు. అది ఆ ఫైల్లోనే, మెమో పక్కన ఉంది. తడిపి ఊడదీయడం ఆయన్ను చూసి నేనూ నేర్చుకున్నాను. తారు డ్రమ్ము ఇంకా ఆఫీసు వెనకే ఉంది. అగ్గిపెట్టె నేను తెచ్చుకుంటాను.