ఉల్కకు తలంటు

పొద్దున మా ఆవిడ మాడిన గిన్నెను చింతపండు, ఇటుక పొడి వేసి రుద్దుతుంటే, ఆ పుల్లటి వాసనకి నాకు పాత కోపం మళ్ళీ రాజుకుంది.

తిరువూరులో నేను వెలగబెట్టిన ఆ కాస్త చదువులో, ఏడో తరగతప్పుడు, విస్సన్నపేట దారిలోని మామిడి తోటలో నాకొక ఉల్క దొరికింది. నిమ్మకాయంత రాయి, పైన పల్చటి నల్ల పెంకు. ఉల్క కాలుతూ పడుతుంది కాబట్టి పైన మాడి ఉంటుందని, ఆ మాడే అసలు గుర్తని సైన్సు మాస్టారు చెప్పారు. నాకొకటి దొరికిందని చెబితే నవ్వి, "రేపు పట్రా, చూద్దాం" అన్నారు. నేను మొద్దునని ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆ రాయితోనే పగలగొడదామనుకున్నాను.

మంటల్లోంచి వచ్చింది కదా, మన చలికి తట్టుకోలేదేమోనని సాయంత్రం దాన్ని పొయ్యి పక్కన పడుకోబెట్టాను. తెల్లారేసరికి రాయి బూడిద రంగులో శుభ్రంగా మెరుస్తోంది.

"పెంకేదమ్మా?"

"పెంకేంట్రా, పొయ్యి మసి. చింతపండుకీ వదల్లేదు. గచ్చుకేసి అరగదీశాను, చేతులు పడిపోయాయి."

"మాస్టారికి కావాల్సింది అదేనమ్మా."

"మసా? మసిరాయి పట్టుకుని బడికెళ్తే, వీళ్ళమ్మకి శుభ్రం తెలీదా అనరూ?"

మాస్టారు రాయిని అటూ ఇటూ తిప్పి, "కంకర బాగానే కడిగావురా" అన్నారు. క్లాసంతా నవ్వింది.

కోపం ఇప్పటికీ పోలేదు, కానీ అమ్మను తిట్టుకోవడానికి మాట దొరకదు. నా చొక్కా కాలరు రుద్దినంత శ్రద్ధగా దాన్నీ రుద్దింది. ఆకాశం నుంచి ఊడిపడినదైనా సరే, ఆవిడ ఇంట్లోంచి బడికి వెళ్ళాలంటే స్నానం చేయాల్సిందే.