కుంభారిలో పీచ్ చెట్టు

మా బావ తువ్వాళ్ల బేరానికి ఒక్కసారి సిమ్లా వెళ్లి, అక్కడ చెట్టున మాగిన పీచ్ పండు తిన్నాడు. అప్పటినుంచి మామిడిపండు ఆయన కంటికి ఆనదు. రసం మోచేతిదాకా కారిన కథ ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ వినాల్సిందే. తెచ్చిన టెంకను వాళ్ల ఊరు కుంభారిలో, ఇంటి ముందు నాటాడు. చెట్టు పెరిగింది గానీ పూత రాలేదు. దానికి చలి కావాలని ఎవరో చెప్పారట. అంతే, బీడీలు చుట్టే అక్క, ఆకు ఎండిపోకుండా దానిమీద కప్పే తడిగోనె లాక్కెళ్లి మొదలుకు చుట్టాడు. ఆకు పెళుసెక్కి అక్క చేతిలో చిట్లిపోతోంది.

"ఈ చెట్టుకు థండి కావాలె, మరదలా," అన్నాడు నాతో.

"ఎండకాలమంత ఇంట్ల ఉడుకుతున్న. నాకెన్నడన్న ఒక్క గోనె తడిపినవా?" అంది అక్క, తలెత్తకుండా.

బావకు వినబడలేదు. అప్పటికే సిమ్లా కథ ఎత్తుకుని, మోచేతిదాకా రసం కార్చుకుంటున్నాడు.