జనాభా ఎంతని అడిగితే

మా అమ్మాయి మార్కర్ మూత తీసినప్పుడు వచ్చే ఘాటు వాసనకి నాకు ఇప్పటికీ చిరాకు పుడుతుంది.

అమెరికాలో, నేపర్‌విల్‌లో నేను నాలుగో గ్రేడ్‌లో ఉండగా టీచర్ నాకు పోలండ్‌లోని ఒక కౌంటీ మీద, అంటే మన జిల్లా లాంటిదాని మీద, ప్రాజెక్ట్ ఇచ్చింది. నదులు, జనాభా, రైళ్ళు అన్నీ పోస్టర్ మీద మార్కర్లతో రాయాలి. పక్కింటి ముసలావిడ పుట్టింది అక్కడేనని తెలిసి అమ్మ నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళింది.

"మీ కౌంటీలో ఎంతమంది ఉంటారు?" అని అడిగాను.

ఆవిడ కళ్ళు మూసుకుని పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. రొట్టెలు కాల్చే ఆయన పేరు, ఆయన ముగ్గురు కూతుళ్ళ పేర్లు, రైలు గేటు వేసే ఆయన పేరు. పాపం, లెక్క రాదేమో అనుకున్నాను. రైళ్ళ గురించి అడిగితే, తమ్ముణ్ణి రైలెక్కించి ఒంటరిగా ఇంటికి నడిచొచ్చిన రోజు గురించి చెప్పింది.

"అమ్మా, ఆన్సర్ చెప్పట్లేదు! నాకు నంబర్ కావాలి, రేపే సబ్మిట్ చేయాలి," అన్నాను ఏడుపు గొంతుతో.

"పెద్దావిడ చెప్తున్నారు కదా, కాస్త విను."

నేను వినలేదు. ఆవిడ ఇంకా ఎవరి పేరో చెబుతుండగానే లేచి వచ్చేశాను. అంకె ఇంటర్నెట్‌లో దొరికింది, మంచి గ్రేడే వచ్చింది.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ అంకె కావాలంటే ఇప్పుడైనా వెతుక్కోగలను. ఆ పేర్లలో మాత్రం ఒక్కటైనా గుర్తు రాదు, అడగడానికి ఎవరూ లేరు.