అక్క వెనక్కి తీసుకున్న సాక్ష్యం

ఇంజెక్షన్ సీసాలో నలుసు ఉంటే పట్టుకోవడం మా అక్క రెబెక్కా పని. మల్లాపూర్ మందుల ఫ్యాక్టరీలో, పెద్ద లైటు ముందు కూర్చుని, బెల్టు మీద కదిలిపోయే సీసాలను రెప్ప వాల్చకుండా చూడాలి.

ఒక రోజు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు దిగుతూ అక్క జారిపడింది. తల ఫుట్‌పాత్ అంచుకు కొట్టుకుంది.

"స్కాన్ మంచిగనే ఉంది. అయినా దెబ్బ దెబ్బే," అన్నాడు దవాఖానాలో డాక్టర్. "కొన్ని రోజులు లైట్లకు, సప్పుళ్లకు దూరంగుండు. పని మెల్లగ మొదలువెట్టు. తగ్గుతది."

మా అమ్మ లూర్దమ్మకు మొదటి మాట చాలింది. ఆ ఆదివారమే నాచారం చర్చిలో అక్క చేతికి మైకు ఇప్పించింది. పక్కన డ్రమ్ములు మోగుతుంటే, తల పగిలిపోతుంటే, దేవుడు నన్ను స్వస్థపరిచాడని అక్క సాక్ష్యం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడే డ్యూటీ. సీసాలు కదిలితే కడుపులో తిప్పేది. కళ్లు మూసుకుంటే నలుసులు దాటిపోయేవి. కొన్నాళ్లు ప్యాకింగ్‌లో వెయ్యమని సూపర్‌వైజర్ ఎబినేజర్‌ని అడిగింది. ఆయన మా చర్చి సంఘంలో పెద్ద కూడా.

"ఏంది సిస్టర్, దేవుని కాడ మంచిగై నా కాడ నొప్పొస్తుందా?" అన్నాడు. లైనంతా నవ్వింది.

ఇంటికొస్తే అమ్మ. "నొప్పి అనకే! సాక్ష్యం చెప్పినంక గట్లంటే సైతాను ఇంటడు."

నొప్పి కంటే దాన్ని దాచడమే అక్కను ఎక్కువ తిన్నది. నిద్ర కరువైంది. నెల దాటినా తగ్గలేదు.

ఒక ఆదివారం తనే లేచి మైకు అందుకుంది. "నాకు తగ్గలే. ఆ రోజు అబద్ధం చెప్పిన. నేను సూడని నలుసు ఎవరి ఒంట్లకో పోతది, భయమైతుంది."

కీబోర్డు దగ్గరున్న శాంసన్ గబగబా పాట ఎత్తుకున్నాడు. అందరూ గొంతు కలిపారు.

మర్నాడు ఎబినేజర్ ఆమెను ప్యాకింగ్‌కు తోలాడు. "అబద్ధ సాక్ష్యం చెప్పినోళ్ల కండ్లను ఎట్ల నమ్మాలె?" నొప్పి అని బతిమాలితే ఇవ్వని పని, శిక్షగా ఇచ్చాడు.

మసక మూల. అట్టపెట్టెలు మడిచి అంటించడం. కొన్ని వారాలకు అక్కకు నిద్ర పట్టసాగింది, తల తేలికైంది. డాక్టర్ చెప్పిందీ అదే, కాకపోతే అందులో స్తోత్రం లేదు కాబట్టి మా ఇంట్లో ఎవరికీ వినపడలేదు.

"సూడు, దేవుడు ప్రార్థన ఇన్నడు," అంది అమ్మ. "ఈ ఆదివారం మళ్ల సాక్ష్యం చెప్పు బిడ్డా."

"చెప్త. ఎబినేజరన్నకు కోపమొచ్చి నాకు నయమైందని చెప్త."

అమ్మ మళ్లీ మైకు మాట ఎత్తలేదు.