అశోక్‌నగర్ ఏంజెల్ జత, నాలుగో విడత

రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుండగా, ఓ జూన్ మొదటివారంలో నన్ను జిల్లా చెరువుల పని నుంచి తప్పించి హైదరాబాదులో రంగుచేపల పథకానికి వేశారు. హోదా అదే, మత్స్యాభివృద్ధి అధికారి. పని మాత్రం మారింది. ఇంట్లో అక్వేరియం చేపలు పెంచి, పిల్లలు తీయించి, దుకాణాలకు అమ్ముకుంటామనేవాళ్లకు శాఖ గాజుతొట్లు, గాలిమోటార్లు ఇస్తుంది. ఇచ్చేముందు ఒక అధికారి మూడుసార్లు ఇంటికి వెళ్లి, అక్కడున్న జత నిజంగా పిల్లలు చేస్తుందో లేదో చూసి రిపోర్టు రాయాలి. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ నా పరిధి. మా ఇల్లు చిక్కడపల్లిలోనే కాబట్టి నడిచి పోయి రావచ్చు. ఆఫీసులో అందరూ అదృష్టవంతుడివన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

నేను బొచ్చె, రోహు లాంటి చెరువు చేపల మనిషిని. ముప్పయ్యొక్క ఏళ్లు హేచరీల్లో మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డవాణ్ణి తీసుకొచ్చి ఎవరి ఇంట్లోనో గాజుపెట్టె ముందు కూర్చోబెడితే ఎలా ఉంటుంది? హేచరీలో మా పద్ధతి స్థిరమైనది. గుడ్లతో నిండిన ఆడచేపకూ, సిద్ధంగా ఉన్న మగచేపకూ సాయంత్రం ఇంజెక్షను ఇచ్చి, హాపా అనే గుడ్డతొట్టిలో వదులుతాం. కొన్ని గంటల్లో అవి గుడ్లూ వీర్యమూ నీళ్లలోకి వదిలేస్తాయి. తెల్లారగానే పెద్దవాటిని తీసేస్తాం. వాటికి పిల్లల ధ్యాసే ఉండదు, ఉంటే అడ్డం. 'గుడ్లు పడగానే పెద్దవాటిని తీసెయ్' అనేది నా నోట్లో నానిపోయిన మాట. ఎంతమంది ట్రైనీలకు చెప్పానో లెక్కలేదు.

నా జాబితాలో మొదటి పేరు అరుణ. నలభైకి దగ్గరపడిన మనిషి. అశోక్‌నగర్‌లో పుట్టి, ఆ వీధుల్లోనే గ్రూప్స్ పరీక్షలకు ఏళ్ల తరబడి చదివి, నాలుగుసార్లు రాసి, ఇక చాలనుకుంది. ఇంట్లో ఆమె, తండ్రి మల్లయ్య. ఆయన సిటీ బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. వీధివైపు గదిలో కూతురు చేపలు పెట్టింది. అశోక్‌నగర్‌లో గది ఉందంటే పొద్దున లేచేసరికి కోచింగు పిల్లలెవరో బ్యాగుతో గుమ్మంలో ఉంటారు. మల్లయ్య ఆ ఆశ దాచుకోలేదు. నేను వెళ్లిన మొదటిరోజే నా ముందే చెప్పేశాడు: "దసరా దాక చూస్త సారు. మీ సర్కారోళ్లు సరే అంటే చేపలుంటయ్. లేకుంటే గది కిరాయికిస్త. బిడ్డకు గూడ చెప్పిన."

అరుణ కుర్చీ జరిపి నాకు తొట్టి చూపించింది.

ఏంజెల్ చేపను చూడనివాళ్లకు చెబుతున్నాను. అరచేతిలా పలచగా, వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువగా, పైనా కిందా పొడుగాటి రెక్కలతో ఉంటుంది. అరుణ రూపాయిబిళ్లంత పిల్లల్ని ఆరింటిని కొని పెంచింది. తొమ్మిది నెలలు వచ్చేసరికి వాటిలో రెండు తమంతట తాము జత కట్టి, మిగతా నాలుగింటినీ ఓ మూలకు తరిమాయి. ఆమె ఈ రెంటికీ వేరే తొట్టి ఇచ్చి, కోఠిలో కొన్న బడిపిల్లల పలకను చట్రం ఊడదీసి అందులో నిలబెట్టింది. ఏంజెల్‌కు గుడ్లు అంటించడానికి నున్నటి నిలువు జాగా కావాలి. నేను వెళ్లడానికి ముందురోజే అవి తొలిసారి పలకమీద గుడ్లు పెట్టాయి. వెళ్లేసరికి ఒక్కటీ లేదు. రెండూ కలిసి తినేశాయి.

"కన్నోళ్లే మింగుడేంది సారు?" అన్నాడు మల్లయ్య, ఏదో నేనే మింగినట్టు నావైపు చూస్తూ.

నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఈసారి గుడ్లు పెట్టిన గంటలోపు పెద్దవాటిని తీసేయమన్నాను. అరుణ అది నోట్సులో రాసుకుని కింద గీత గీసింది. పరీక్షలకు చదివిన చెయ్యి కదా, దస్తూరి ముత్యాల్లా ఉంది. నాకు ముచ్చటేసింది.

పన్నెండు రోజులకు మళ్లీ గుడ్లు పడ్డాయి. సుల్తాన్ బజార్‌లో కొన్న ప్లాస్టిక్ టబ్బులోకి జతను మార్చేసిందామె. రెండో రోజుకు గుడ్లన్నీ తెల్లబడి, దూది పట్టినట్టు బూజెక్కాయి. ఫోన్ చేసి చెబితే మగది ఇంకా పచ్చిది, దాని వీర్యం చాలలేదన్నాను. "తీసేముందు రెండూ గుడ్ల ముందర నిలబడి రెక్కలతోని ఊపుతనే ఉన్నయ్ సార్, ఒకటి పోతే ఒకటి," అంది. చేపన్నాక రెక్కలు ఊపదా అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. జతను మళ్లీ పాత తొట్టిలో వదిలితే అవి పలకనంతా మూతులతో తడిమి, ఏమీ దొరక్క, ఒకదాన్నొకటి పొడుచుకున్నాయట. ఆడదాని రెక్క చిరిగింది.

మూడోసారి ఆమె నాకు చెప్పకుండా జతను అక్కడే ఉంచింది. మూడోరోజుకు గుడ్లు పగిలి పిల్లలొచ్చాయి. ఇంకా ఈతరాక, తోకలాడిస్తూ పలకకు అతుక్కుని ఉన్నాయి. ఆ మర్నాడు నా రెండో తనిఖీ. నేను చెప్పులు విడిచి లోపలికి వెళ్లేలోగా వాటినీ తినేశాయి. నాకు తిక్కరేగింది. 'జత పనికిరాదు. మార్చవలెను' అని రాస్తానని చెప్పాను. మార్చడమంటే కొత్త పిల్లల్ని కొని, అవి పెరిగి జతకట్టేదాకా ఆగడం. ఈలోపు దసరా వచ్చి వెళ్లిపోతుంది. అరుణకూ తెలుసు, మల్లయ్యకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆమె బతిమాలలేదు. "సార్, నేను నాలుగు అటెంప్టులు రాసిన. అవి మూడే రాసినయ్. ఇంకొకటి ఇయ్యండి," అంది. నేను రూలు చెప్పాను. ఆమె తన నోట్సు తెచ్చి నా సంచిలో పెట్టింది, తీరిక దొరికితే చూడమంది. ఆ మధ్యాహ్నమే ఆఫీసుకు వెళ్లి రిపోర్టు రాసి సంతకం చేసి పైకి పంపేశాను.

ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ మర్యాదకోసం ఆ నోట్సు తెరిచాను. మూసేసరికి పదకొండయింది. మూడు విడతలకు మూడు శీర్షికలు, ఒక్కోదానికింద గంట గంటకూ ఆమె చూసింది. మొదటి విడత: ఆడది ఒకవైపు గుడ్లు పెడుతుంటే మగది వెనకనే తింటోంది, తర్వాత ఆడదీ కలిసింది. రెండో విడత: మగది ఒక్క గుడ్డు ముట్టలేదు, ఆడదానితో వంతులు వేసుకుని రెక్కలు ఊపింది, అరుణ టబ్బులోకి తీసేదాకా. మూడో విడత: చెడి తెల్లబడ్డ గుడ్లను మాత్రం ఏరి తిన్నాయి, మంచివాటిని వదిలాయి. పిల్లలు బయటికి రాగానే నోట్లో పెట్టుకుని తొట్టిలోని మొక్క ఆకు మీదికి మార్చబోయి, విడ్డూరంగా మింగేశాయి.

విడ్డూరమన్నది అరుణ మాటే. అలాగే రాసింది.

నేను ఆ పేజీల దగ్గరే ఆగిపోయాను. ఒకే జత, ఒకే తొట్టి, నెలన్నర కాలం. ప్రతిసారీ కిందటిసారి తప్పిన చోటు దాటి ముందుకు పోయింది. పక్కన పెద్ద చేప లేదు, చూసి నేర్చుకోవడానికి ఏదీ లేదు. ఎలా తెలిసింది వాటికి? ముప్పయ్యొక్క ఏళ్లలో లక్షల పిల్లల్ని చేతులమీదుగా వదిలినవాణ్ణి, ఒక్కసారి కూడా ఈ ప్రశ్న నాకు రాలేదు. ఇంకొకటి కూడా ఆ పేజీల్లో ఉంది. రెండో విడత గుడ్లకు బూజెందుకు పట్టిందో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రెక్కలు కదిలించే నీళ్ల మీదే అవి బతుకుతాయి. మగది పచ్చిది కాదు. రెక్కలు ఊపేవాటిని నేనే తీయించాను.

సోమవారం అరుణకు ఫోన్ చేసి, జతను మార్చొద్దు, ఆగమన్నాను. రిపోర్టు సంగతేందని అడిగింది. అది నేను చూసుకుంటానన్నాను. ఎలా చూసుకోవాలో మాత్రం తోచలేదు.

నాలుగో విడత గుడ్లు మరో పది రోజులకు పడ్డాయి. అవి పడ్డాక తొమ్మిది రోజులపాటు నేను ఆఫీసుకు పోయేముందు ఓసారి, వచ్చేటప్పుడు ఓసారి అశోక్‌నగర్ వెళ్లాను. తనిఖీ కాదు కాబట్టి టీఏ రాయలేదు. రెండున్నర రోజులు జత పలకను వదల్లేదు. ఒకటి మేతకు వెళితే ఇంకొకటి నిలబడింది. పిల్లలు పుట్టాక ఒక్కోదాన్ని నోట్లోకి తీసుకుని, నమిలినట్టు శుభ్రం చేసి, పలక మీంచి ఆకుకు, ఆకు మీంచి మళ్లీ పలకకు మార్చాయి. ప్రతి మార్పుకూ మాకు ప్రాణాలు ఎగిరిపోయేవి.

ఎనిమిదోరోజు సాయంత్రం పిల్లలకు ఈత వచ్చింది. ఆవగింజలంత తలలతో ఒక పొగమబ్బులా లేచి, తల్లిదండ్రుల మధ్య కదిలాయి. మేం ముగ్గురం కుర్చీలు దగ్గరికి లాక్కున్నాం. ఒక పిల్ల గుంపు తప్పి తొట్టి మూలకు పోయింది. మగది గిరుక్కున తిరిగి వెళ్లి దాన్ని నోట్లో వేసుకుంది.

"మింగిండు," అన్నాడు మల్లయ్య.

అరుణ లేచి నిలబడింది. మగది తొందరపడలేదు. బుగ్గలు కదిలిస్తూ నెమ్మదిగా గుంపు దాకా ఈదుకొచ్చి, వాటి మధ్యలోకి ఆ పిల్లను ఉమ్మేసింది. పిల్ల ఓ క్షణం తడబడి, మిగతావాటిలో కలిసిపోయింది. ఈలోపు ఇంకొకటి తప్పిపోయింది. ఈసారి ఆడది వెళ్లింది, అదే చిరిగిన రెక్కతో.

మల్లయ్య గాజు దగ్గరికి వంగాడు. "నడిచే బస్సు వెనక ఉరికొచ్చే పోరన్ని రెక్కవట్టి ఎక్కించేటోణ్ణి. గట్లనే ఎక్కించిండు," అన్నాడు. అరుణ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ కళ్లు తడిశాయి, దాచుకోవడమెందుకు. ఆ బుర్రలో మెదడెంత ఉంటుందో కోసి చూసినవాణ్ణి నేను. అందులో ఇంత ఎక్కడ పట్టింది?

ఇక మిగిలింది ఫైలు. సర్కారు ఫైలులో రాసినదాన్ని చెరపకూడదు. అడ్డగీత గీసి, కారణం రాసి, సంతకం పెట్టాలి. మూడో తనిఖీ ముగించి, పైనుంచి ఫైలు తెప్పించుకుని, కొత్త రిపోర్టుతోపాటు పాతదాని మీద గీత గీసి ఇలా రాశాను: 'రెండవ విడత నష్టమునకు కారణము జత కాదు. ఈ అధికారి ఇచ్చిన తప్పుడు సలహా. మొదటి, మూడవ విడతల నష్టము చిన్న వయసు జతకు సహజము.' పైఅధికారి పిలిపించి, నీ తప్పు నువ్వే ఫైలులో ఎక్కించుకుంటావా, సర్వీసు చివర్లో ఇదేం పిచ్చి అన్నారు. ఈ వాక్యం లేకుండా పాత రిపోర్టు ఎందుకు మారిందో చెప్పలేమన్నాను. వివరణ కోరుతూ మెమో వచ్చింది. నా సర్వీసు మొత్తంలో అదొక్కటే మెమో. జవాబుగా అరుణ నోట్సు పేజీలు జిరాక్సు తీసి జతపరిచాను. సెప్టెంబరులో ఆమె పేరు మంజూరైంది. ఆ వారంలోనే గదికోసం వచ్చిన ఇద్దరు కోచింగు పిల్లల్ని మల్లయ్యే గుమ్మంలోంచి పంపేశాడట.

మిగిలిన సర్వీసులో నేను ఇళ్లకు వెళ్లినప్పుడు రెండు మార్పులు చేసుకున్నాను. చిన్న వయసు జత గుడ్లు తింటే దాన్ని లోపంగా రాయలేదు, నాలుగో విడతదాకా ఆగాను. పెద్దవాటిని తీసేయమనేముందు అవి ఏం చేస్తున్నాయో ఓ గంట కూర్చుని చూశాను. ఈ రెండు ముక్కలూ నేర్చుకోవడానికి ముప్పయ్యొక్క ఏళ్ల అనుభవం చాల్లేదు. నా మాట విన్నందుకు అరుణ పోగొట్టుకున్న ఆ పలకెడు గుడ్లు కూడా కావలసివచ్చాయి.