మూతలు తిరిగే తరగతి

బెజవాడ గవర్నర్‌పేటలో బట్టల హోల్‌సేల్ కొట్ల వెనక సందులో ఒక చిన్న ప్రైవేటు బడి ఉంది. అక్కడ రెండో తరగతి టీచరు నాగవేణి. ఆ తరగతికి ఆవిడ పెట్టిన ఆచారం ఒకటుంది. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలంతా గుండ్రంగా కూర్చుని, ఎవరు తెచ్చుకున్నది వాళ్ళు కాస్త డబ్బా మూతలో పెట్టి పక్కవాళ్ళకి అందిస్తారు. మూత చుట్టూ తిరిగి ఖాళీగా వెనక్కొస్తుంది. టీచరుగారి ఉలవచారు అన్నమైతే మనోజ్ఞ అనే గడుగ్గాయిని దాటి ముందుకు పోయిన పాపాన పోలేదు.

ఈ ఆచారం ఊరికే పుట్టలేదు. నాగవేణి వాళ్ళది చల్లపల్లి దగ్గర నేతపని చేసుకునే కుటుంబం. ఉద్యోగం దొరికి బెజవాడ వచ్చి అద్దెగది కోసం తిరిగితే, ప్రతి ఇంటావిడా చల్లటి మంచినీళ్ళిచ్చి, నవ్వుతూ ఒకటే అడిగింది, "మీరేమిట్లమ్మా?" అని. కులం పేరెత్తకుండా కులం కూపీ లాగడంలో మనవాళ్ళ తర్వాతే ఎవరైనా. మర్యాదకేం లోటుండదు, గది మాత్రం ఖాళీ ఉండదు. ఆ మాట తన తరగతి గడప తొక్కకూడదని నాగవేణి అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

ఆ వారం పాఠం మన చుట్టూ ఉండే మనుషుల గురించి, అప్పుడెలా బతికారు, ఇప్పుడెలా బతుకుతున్నారు అని. పుస్తకంలో బొమ్మలు చప్పగా ఉన్నాయి. మీ తాతలు ఏం పని చేసేవాళ్ళో ఇంట్లో అడిగి, గుర్తుగా ఏదైనా పట్టుకు రండని పిల్లలకి చెప్పింది. తనూ నాన్న మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తిన పాత నాడెను బ్యాగులో పెట్టుకొచ్చింది.

మర్నాడు తరగతి జాతరే. ఒకడు వల ముక్క తెచ్చాడు. మనోజ్ఞ ధాన్యం కొలిచే ఇత్తడి మానిక మోసుకొచ్చింది. జోయెల్ వాళ్ళ తాత డప్పు తెచ్చి వాయిస్తుంటే పిల్లలు బెంచీలెక్కి గంతులేశారు, అందరికంటే ఎక్కువగా మనోజ్ఞే. ఆ సందడిలో ఇంటి గంట కొట్టేశారు. టీచరు నాడె బ్యాగులోనే ఉండిపోయింది. రేపు చూపిద్దాంలే అనుకుని, ఆ సాయంత్రం ఆవిడ గాల్లో తేలుతూ ఇంటికెళ్ళింది.

ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం పిల్లలు గుండ్రంగానే కూర్చున్నారు. కానీ జోయెల్‌కి అటూ ఇటూ మనిషి పట్టేంత జాగా ఉంది. వాడి మూతలో నిమ్మకాయ పులిహోర పెట్టినది పెట్టినట్టే ఉంది. వాడు దాన్ని ఒకసారి ఇటు, ఒకసారి అటు జరిపి చూస్తున్నాడు. వాళ్ళమ్మ ఉప్పు ఎక్కువేసిందేమోనని రుచి కూడా చూశాడు పిచ్చి సన్నాసి.

నాగవేణికి సంగతి అర్థమైంది. డప్పు కబురు పిల్లల నోట ఇళ్ళకి చేరింది, ఇళ్ళలోంచి జవాబు ఇలా వచ్చింది. ఏడేళ్ళ పిల్లలకి ఒక్క రాత్రిలో ఇంత నేర్పగలిగారా వీళ్ళు? అడిగి రమ్మని పంపింది మరెవరో కాదు, తనే.

పిల్లల మీద అరిచి ఏం లాభం? వెళ్ళి జోయెల్ పక్కన చతికిలబడింది. వాడి పులిహోర ఇంత తీసి నోట్లో పెట్టుకుంది. ఉప్పు సరిపోయిందిరా అంది. వాడి మొహం విప్పారింది. అది చూసి ఆవిడకి కాస్త ధైర్యం వచ్చింది. తన ఉలవచారు అన్నం కలిపి ముద్ద చేసి మనోజ్ఞ వైపు చాపింది. ఒక్కళ్ళు కదిలితే చాలు, మూతలు మళ్ళీ తిరుగుతాయి.

మనోజ్ఞ చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది. సగంలో ఆగింది.

"టీచర్, మీరేమిట్లు?"

పాఠం అప్పజెప్పినంత ముద్దుగా అడిగింది.

"అడిగి తినమంది అమ్మ. మీరూ అడిగి తెలుసుకోవాలనే కదా చెప్పారు."

పిల్లలందరూ తలలెత్తి ఆవిడ వంకే చూస్తున్నారు. జోయెల్ కూడా చూస్తున్నాడు. పక్కనే ఉన్న బ్యాగులో నాన్న నాడె ఉంది. నిన్నయితే ఎంతో గొప్పగా తీసి చూపించేది. ఇప్పుడు దాన్ని తియ్యడానికి నాగవేణికి చెయ్యి రాలేదు.